సింహాసనాన్ని ప్రశ్నించే బిడ్డ

నీలవేణి నది కొండలు దిగి తామ్రపురి మైదానంలో అడుగుపెట్టే చోట వయ్యారంగా ఒక మలుపు తిరుగుతుంది. అక్కడ నీళ్ళు నెమలిపించం రంగులో ఉంటాయి. రెండు ఒడ్డుల వెంటా మొగలిపొదలు, వాటి వెనుక చెరకు తోటలు, ఆ తోటల మీదుగా చూస్తే దూరాన ఉదయపుటెండలో రాగిచెంబుల్లా మెరిసే కోట బురుజులు. ఏ దేశపు బాటసారి అయినా ఆ మలుపులో పడవ ఆపించి ఒక్క క్షణం చూడక మానడు.

ఆ ఉదయం అక్కడికి దూసుకువచ్చిన పడవకు మాత్రం ఆగే తీరిక లేదు. దాని వెనుక బాణాలు వస్తున్నాయి.

"తలలు దించండి!" అని అరిచాడు కేదారుడు.

పడవలో ఉన్న ముగ్గురు పిల్లలూ బోర్లా పడ్డారు. రయ్యిమని వచ్చిన బాణం ఒకటి బొజ్జన్న తల మీది బెండు కిరీటాన్ని ఎగరగొట్టుకుపోయి గడకర్రకు గుచ్చుకుంది.

"నా కిరీటం!" అని లేవబోయాడు బొజ్జన్న.

"కిరీటం పోతే మళ్ళీ చేసుకోవచ్చు, తల పోతే ఎవరు చేస్తార్రా? పడుకో!" అంటూ పడవ నడిపే పుల్లమ్మ వాణ్ణి కాలితో నొక్కిపట్టి, గడకర్రను బలంగా తోసింది. పడవ గిర్రున తిరిగి మొగలిపొదల మధ్యనున్న సన్నని పాయలోకి జారిపోయింది. ఒడ్డున తరుముకొస్తున్న నల్లముసుగు రౌతుల గుర్రాలు బురదలో మోకాళ్ళ దాకా దిగబడ్డాయి. ఒక్కడు మాత్రం గట్టునే పట్టుకుని ముందుకు వచ్చాడు. పొదల సందులోంచి పడవ వాడికి స్పష్టంగా కనిపించింది. విల్లు ఎక్కుపెట్టాడు. అంతలో అడుగున ముడుచుకుపడుకున్న పిల్లలు వాడి కంటబడ్డారు.

బాణం నీళ్ళలోకి పోయింది. రౌతు ఏమీ ఎరగనట్టు గుర్రాన్ని వెనక్కి తిప్పాడు.

కేదారుడు ఆ ముసుగు మనిషి వీపు కనుమరుగయ్యేదాకా చూశాడు. ఆ ఉదయం దక్కిన మొదటి దయ అది. పేరు తెలియని మనిషికి ఎలా దణ్ణం పెట్టాలో తెలియక, నది వైపే చేతులు జోడించాడు.

కేదారుడు రాజకుమారుడు కాడు, వీరుడూ కాడు. తామ్రపురి కోట మీద పొద్దు తెలిపే నగారా కొట్టి బతికినవాడు. అతని భార్య చంపకవల్లి ఆ నగరంలో పిల్లలకు ఒడంబడిక శాసనం నేర్పే ఒజ్జమ్మ. కిందటేడు వానలకు ముందు విషజ్వరం వచ్చి ఆమెను తీసుకుపోయింది. అప్పటినుంచి నగారా కొట్టడానికి అతనికి చేతులు రాలేదు. కొండల్లోని రాతివాక పల్లెకు వెళ్ళి, ఆమె చెప్పే పాఠాలే అక్కడి పిల్లలకు చెప్పుకుంటూ కాలం గడుపుతున్నాడు. వాళ్ళు అతన్ని ఒజ్జయ్య అని పిలిచేవారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా అందులో సగం తనది కాదనిపించేది అతనికి.

ఇక ఒడంబడిక శాసనమంటారా, తామ్రపురికి అదే ప్రాణం. పూర్వం ఒక గొప్ప వరద వచ్చి ఊళ్ళన్నీ కొట్టుకుపోయినప్పుడు, మిగిలిన జనం ఒక దిబ్బ మీద చేరి, ఇకనుంచి ఎలా బతకాలో తమలో తాము ఒప్పుకుని రాతి మీద చెక్కించుకున్నారు. ఊళ్ళ పెద్దల సభ కట్టుబాట్లు చేయాలి. రాజు వాటిని నడిపించాలి. ఆ నడక తప్పితే ధర్మపీఠం తప్పని చెప్పాలి. సింహాసనం ఉన్న సభామండపానికి మూడు తాళాలు, మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర. మూడూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. సభ, రాజు, పీఠం, ఎవరైనా సరే శాసనానికి లోబడవలసిందే. అన్నిటికన్నా చిత్రమైన ఆచారం మరొకటుంది. కొత్తవాడు ఎవడు సింహాసనం ఎక్కబోయినా, ముందు ఒక బిడ్డ ఎదురు నిలిచి ప్రశ్న అడగాలి. బిడ్డే ఎందుకంటే, బిడ్డకు కొలువు లేదు, మాన్యం లేదు, పోగొట్టుకోవడానికి పదవి లేదు. జవాబు చెప్పి ఎక్కినవాడు శాసనానికి కట్టుబడ్డ రాజు. ఏ బిడ్డా అడగకపోతే, ఎక్కినవాడికి ఏ కట్టూ ఉండదు.

ఆ చివరి మాటను పట్టుకున్నాడు భస్మాక్షుడు. వాడు రాజగురువు, మంత్రగాడు. పిల్లలు లేని ముసలి రాజు కన్నుమూయగానే రాజు తాళంచెవిని తన మెడలో వేసుకున్నాడు. సభను బెదిరించాడు. ఏ మాయ చేశాడో, నగరంలోని పిల్లలందరూ శాసనం పాఠం మరిచిపోయారన్న కబురు రాతివాకకు చేరింది. బయటి ఊళ్ళ పిల్లలెవరూ రాకుండా నది వెంట నల్లముసుగు రౌతులను నిలిపాడు. పట్టాభిషేకం ఈ మధ్యాహ్నమే.

అందుకే ఈ ప్రయాణం. రాతివాక తల్లిదండ్రులు తామే ముగ్గురు పిల్లలను అతని చేతిలో పెట్టారు. ఊరు దాటేటప్పుడు ఎవరూ ఏడవలేదు. పొలిమేర దాకా వచ్చి, పిల్లల జుట్టు సవరించి వెనక్కి వెళ్ళారు. వేషం పగటివేషగాళ్ళది. కేదారుడు గడ్డం పెట్టుకున్న బైరాగి. బొజ్జన్న రాజు. గవరయ్య మంత్రి. అంకాలు అనే పొట్టిపిల్లకు భటుడి వేషం వేసి, జనపనార గడ్డం అతికించారు.

పడవ నెమ్మదించాక కేదారుడు గవరయ్యను దగ్గరకు పిలిచాడు. ముగ్గురిలో పెద్దవాడు, ఒక్కసారి వింటే అక్షరం పొల్లుపోకుండా చెప్పగలిగినవాడు వాడే.

"మళ్ళీ ఒకసారి చెప్పు నాయనా."

గవరయ్య చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు. "రాజా, ఈ గద్దె నీకెవరిచ్చారు? ఎంతకాలానికిచ్చారు?" అక్కడ ఆగి, చిన్నగా నవ్వి, "ఏ మాట మీద ఇచ్చారు?" అన్నాడు.

ఆ నవ్వు చంపకవల్లిది. ఆమె ఆ పాఠం చెప్పినప్పుడల్లా మూడో ప్రశ్నకు ముందు అలాగే ఆగి నవ్వేది. కేదారుడు నవ్వుతో సహా నేర్పించాడు. కళ్ళు మూసుకుని వింటే, ఆమె వాకిట్లో గడప మీద కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది.

"ఇంకొకసారి."

"పొద్దున్నించీ చాలాసార్లు చెప్పాను కదా ఒజ్జయ్యా!"

"నా కోసం నాయనా. ఇంకొక్కసారి."

"నేను చెబుతా, నేను చెబుతా!" అంది అంకాలు. "రాజా, ఈ కుర్చీ నీకు ఎవరు పెట్టారు? ఎన్నాళ్ళు కూర్చుంటావు?"

"గద్దె అనాలే! కుర్చీ కాదు," అన్నాడు గవరయ్య.

"కూర్చునేదేగా!"

"ఒజ్జమ్మ చెప్పినట్టే చెప్పాలమ్మా," అన్నాడు కేదారుడు మెల్లగా. అంకాలు మూతి ముడుచుకుని పడవ అంచుకు పోయి కూర్చుంది. ఆ పిల్లకు ఏ పాఠమూ ఉన్నది ఉన్నట్టు నోటికి రాదు. ప్రతిసారీ ఏదో ఒక మాట మారిపోతుంది.

పుల్లమ్మ ఆ ముగ్గురినీ చూసి, తన మధ్యాహ్నపు చల్లకుండ తెచ్చి వాళ్ళ మధ్య పెట్టింది. "తాగండర్రా. మీ ఒజ్జయ్య పాఠాలతో కడుపు నింపేట్టున్నాడు."

"నీకో?" అన్నాడు కేదారుడు.

"నాకు నదంతా ఉందిలేవయ్యా."

కుండ కనబడగానే బొజ్జన్న లేచి, "నేను రాజుని. కుండ నా దగ్గర ఉండాలి!" అని చంక కిందికి లాక్కున్నాడు.

"అయితే నేను సభ. తలా రెండు చిప్పలు, అదీ కట్టుబాటు," అన్నాడు గవరయ్య.

రాజుగారు సరేనని తలూపి, కుండ ఎత్తి గటగటా తాగడం మొదలుపెట్టారు.

"తప్పు! తప్పు! ధర్మపీఠం చెబుతోంది, తప్పు!" అని కేకలు పెట్టింది అంకాలు.

"అయితే ఏం చేస్తావ్? కుండ నా దగ్గరుంది."

అంకాలు ఒక్క దూకు దూకి కుండ గుంజుకుని, తానూ గటగటా తాగేసింది. చల్ల సగం పడవలో ఒలికింది.

"ఇదేం పీఠమే! రాజు తాగితే తప్పూ, నువ్వు తాగితే న్యాయమూనా?" అన్నాడు గవరయ్య.

కాసేపు జుట్లు పట్టుకున్నారు. తరువాత ఎవరు చెప్పారో ఏమో గాని, కుండ బొజ్జన్న ఒళ్ళోకి, కొబ్బరిచిప్ప గవరయ్య చేతికి, మూత అంకాలు చేతికి వచ్చాయి. మూత తీయకపోతే చిప్ప మునగదు. చిప్ప లేకపోతే కుండలోది నోటికి రాదు. కుండ లేకపోతే మిగతా రెండూ ఉత్తవే. ముగ్గురూ గుర్రుగా చూసుకుంటూనే మిగిలిన చల్ల సమంగా తాగారు.

కేదారుడు అదేదీ చూడలేదు. "ఆటలు చాలు. గవరయ్యా, మొదటినుంచి చెప్పు," అన్నాడు కళ్ళు మూసుకుంటూ.

*

తామ్రపురి కోట ద్వారం ఆ రోజు పెళ్ళికూతురిలా ఉంది. ఏనుగు ఎత్తు అరటిబోదెలు, వాటి మధ్య బంతిపూల తెరలు, పైన పట్టు కుచ్చుల పందిరి. ద్వారానికి అటూ ఇటూ నిలువెత్తు ఇత్తడి ధూపపాత్రలు. వాటిలోంచి నీలిరంగు పొగ మెలికలు తిరుగుతూ లోపలికి వెళ్ళేవాళ్ళందరినీ చుట్టుకుంటోంది.

"ఎవరయ్యా మీరు?" అన్నాడు ద్వారపాలకుడు బల్లెం అడ్డం పెట్టి.

"పగటివేషగాళ్ళం బాబయ్యా. పట్టాభిషేకమని విని, నాలుగు వేషాలు కట్టి నాలుగు గింజలు అడుక్కుపోదామని వచ్చాం."

"ఈ బుడ్డోడు రాజా?"

బొజ్జన్న కళ్ళెర్ర చేశాడు. "ఎవడ్రా అక్కడ? రాజుని పట్టుకుని బుడ్డోడంటాడా? వీడి చేత కోట చుట్టూ గుంజిళ్ళు తీయించండి!"

భటులు పడీపడీ నవ్వారు. "మహారాజా, తమ మీసం జారి నోట్లోకి పోతోంది," అన్నాడు ఒకడు.

"తెలుసు. ఆకలేసి తింటున్నా."

"పోండి, పోండి. ఆ ధూపం దగ్గర నిలబడి పోండి. రాజగురువుగారి శుభధూపం. పీల్చినోళ్ళకి పాత బరువులన్నీ దిగిపోతాయంట."

పొగ తియ్యగా ఉంది, మొగలిపువ్వు వాసనలా. కేదారుడికి ఒక్క క్షణం గుండె తేలికైనట్టే అనిపించింది. నాలుగడుగులు వేశాక అలవాటు చొప్పున, "గవరయ్యా, ఒకసారి చెప్పు," అన్నాడు.

గవరయ్య చేతులు కట్టుకుని నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"రాజా..." అన్నాడు. తరువాత ఏమీ లేదు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒజ్జయ్యా, రావడం లేదు. ఒక్క ముక్క కూడా రావడం లేదు!"

"భయపడకు, నేను అందిస్తాను," అన్నాడు కేదారుడు. అందించబోయి ఆగిపోయాడు.

అతనికీ రావడం లేదు.

ఆమె ముఖం గుర్తుంది. గడప గుర్తుంది. మూడో దానికి ముందు నవ్వేదన్నదీ గుర్తుంది. కానీ ఆమె అనే మాటలు మాత్రం, కిందటేడు నుంచి రోజూ విని, రోజూ చెప్పించుకుని దాచుకున్న ఆ మాటలు మాత్రం లేవు. ఇల్లంతా ఉండి, అందులో దీపం మాత్రం ఎవరో ఎత్తుకుపోయినట్టుంది.

వీధి అరుగు మీద ఇద్దరు ఆడపిల్లలు చప్పట్లాట ఆడుతున్నారు. పాట సగంలో ఆగిపోయి, చేతులు గాలిలో ఉంచుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే ఆగిపోయారు. కేదారుడికి అప్పుడు అర్థమైంది. ఆ పొగ వల్లె వేసిన మాటలను తీసుకుపోతుంది. పాటో పద్యమో పాఠమో, ఉన్నది ఉన్నట్టు నోటికి పట్టించుకున్నదేదీ మిగలదు. చంపకవల్లి పోయాక వేరే ఒజ్జలు వల్లె వేయించిన శాసనాన్ని ఈ నగరపు పిల్లలూ అలాగే పోగొట్టుకున్నారు. తన పిల్లలకూ తాను ఎంత కష్టపడి వల్లె వేయించాడో!

కోట మీద శంఖాలు మోగాయి. జనం సభామండపం వైపు పరుగెత్తుతున్నారు. కేదారుడు ఏనుగుల సాల పక్కన కూలబడ్డాడు. అక్కడ దాహం తీర్చుకునేవాళ్ళ కోసం ఎవరో పుణ్యాత్ములు పానకం కుండ, కొబ్బరిచిప్ప పెట్టారు. అంత హడావిడిలో కూడా మూత మీద తడిగుడ్డ కప్పడం మరిచిపోలేదు వాళ్ళు.

గవరయ్య వెక్కుతున్నాడు. బొజ్జన్న వాడి భుజం తట్టి, కుండ ఒళ్ళోకి తీసుకున్నాడు. చిప్ప గవరయ్య చేతికిచ్చాడు. అంకాలు మూత అందుకుంది.

"నాకు ముందు," అన్నాడు బొజ్జన్న.

"మూత నా దగ్గరుంది, గుర్తుందా?" అంది అంకాలు. "వాడు ఏడుస్తున్నాడు. వాడికి ముందు."

కేదారుడు తలెత్తి చూశాడు. ఒక కుండ, ఒక చిప్ప, ఒక మూత, ముగ్గురు పిల్లలు.

చంపకవల్లి వాకిలి అతనికి కళ్ళకు కట్టింది. ఆమె పిల్లల చేత ఎన్నడూ వల్లె వేయించలేదు. మధ్యలో చల్లకుండ పెట్టి, "ఈ పూట మీ రాజ్యం మీరే ఏలుకోండర్రా" అని ఊరుకునేది. వాళ్ళు కొట్టుకునేవారు, ఒలకబోసుకునేవారు, ఆఖరికి ఎలాగో ఒప్పుకునేవారు. అదంతా అయ్యాకే ఆ ప్రశ్నలు చెప్పేది. మాటలు పట్టుకుని వేలాడింది ఆమె కాదు, తాను. పిల్లలకు నేర్పాలని కాదు, ఆమె గొంతు వినాలని.

"ఇది ఎవరు నేర్పారర్రా మీకు?" అన్నాడు కేదారుడు.

"ఎవరు నేర్పాలి? పడవలో కొట్టుకున్నాం కదా," అంది అంకాలు మూతి తుడుచుకుంటూ.

కేదారుడు లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "పద తల్లీ."

"నేనా? నాకు పాఠం రాదుగా!"

"అదే మన అదృష్టం. పరుగెత్తు!"

*

తామ్రపురి సభామండపం వర్ణించడానికి ఒక నోరు చాలదు. నూరు స్తంభాలు, ప్రతి స్తంభం మీదా ఒక్కొక్క ఊరి గుర్తు. ఒకదాని మీద నాగలి, ఒకదాని మీద మగ్గం, ఒకదాని మీద చేప. పైకప్పు నుంచి నేల దాకా వేలాడే పతాకాలు. మధ్యన సింహాసనం. దానికి అటూ ఇటూ నల్లరాతి సింహాలు రెండు, కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు చెక్కినవి. బిడ్డ ప్రశ్న అడిగితే అవి కళ్ళు తెరుస్తాయంటారు. నిజమైన జవాబు వస్తే మళ్ళీ మూస్తాయంటారు.

సింహాసనం ముందు భస్మాక్షుడు నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, బూడిదరంగు కళ్ళతో. మెడలో రాజు తాళంచెవి. చేతిలో తెల్లని శంఖం. పక్కన వెండిపళ్ళెంలో సభ తాళంచెవి. వెనుక తల వంచుకుని ముసలి ధర్మాధికారి.

"ప్రశ్న అడిగే బిడ్డ ఉందా?" అని ఎలుగెత్తి పిలిచాడు వైతాళికుడు.

తల్లులు పిల్లల వైపు చూశారు. పిల్లలు నేల వైపు చూశారు. రెండోసారి పిలిచాడు. ఎవరూ కదలలేదు. భస్మాక్షుడు పెదవి కొసతో నవ్వి సింహాసనం మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"ప్రశ్న అడిగే బిడ్డ..."

"ఉంది! జరగండి, జరగండి! ఓ తాతా, నీ కర్ర తియ్యి!"

జనాన్ని తోసుకుంటూ గడ్డం ఉన్న పొట్టి భటుడొకడు ముందుకు వచ్చాడు. వెనకే బెండు కిరీటం పోయిన రాజు, ముక్కు ఎగబీల్చే మంత్రి, బైరాగి.

"బిడ్డను పిలిస్తే గడ్డంవాడు వచ్చాడేం?" అన్నాడు భస్మాక్షుడు. సభలో నవ్వులు లేచాయి.

అంకాలు గడ్డం పట్టుకుని లాగింది. సగం ఊడింది. "ఉండవయ్యా, జిగురు గట్టిది!" అని మిగతా సగం కూడా పీకేసి, మండుతున్న బుగ్గ రుద్దుకుంటూ సింహాసనం ముందు నిలబడింది. తన ఎత్తుకు రెండింతలున్న మనిషి ముఖంలోకి తలెత్తి చూసింది. తరువాత సాయం కోసం వెనక్కి తిరిగింది. బొజ్జన్న వెనకనుంచి "కుండ, కుండ!" అన్నాడు.

"నువ్వు అందులో కూర్చున్నాక కుండంతా నీ ఒళ్ళో ఉంటుంది కదా," అంది అంకాలు. "నువ్వు మాట తప్పి తాగేస్తే, దాన్ని నీ దగ్గరనుంచి తీసుకునేవాళ్ళెవరు?"

ఎక్కడో రాయి పగిలినట్టు చప్పుడైంది. నల్లరాతి సింహాలు రెండూ కళ్ళు తెరిచాయి. తేనెరంగు కళ్ళు, నిప్పుల్లా.

"ఇది శాసనంలోని ప్రశ్న కాదు!" అన్నాడు భస్మాక్షుడు.

ముసలి ధర్మాధికారి చాలా రోజుల తరువాత తలెత్తాడు. "బిడ్డ అడగాలని ఉంది గాని, ఏ మాటలతో అడగాలో శాసనంలో లేదు రాజగురూ. సింహాలు ఒప్పుకున్నాయి. జవాబు చెప్పు."

భస్మాక్షుడు చిక్కుకున్నాడు. సభ తీసుకుంటుందంటే కట్టుబడ్డట్టే. ఎవరూ తీసుకోలేరంటే ఇంత జనం ముందు దొరికిపోయినట్టే. అబద్ధం చెబితే సింహాలు ఊరుకోవు. వాడి బూడిద కళ్ళు పిల్ల మీదినుంచి బైరాగి మీదికి జారి, వేషం కింది మనిషిని పోల్చుకున్నాయి.

"నగారా కేదారుడా! బిడ్డను తెచ్చినవాడు, జవాబు రాకముందు ప్రశ్నను వెనక్కి తీసుకోవచ్చు. అది కూడా శాసనమే. కాదా ధర్మాధికారీ?"

"అవును," అన్నాడు ముసలాయన నీరసంగా.

"అయితే ఇది విను." భస్మాక్షుడు శంఖాన్ని పైకెత్తాడు. "ఈ నగరంలో వల్లె వేసిన ప్రతి మాటా ఇందులో ఉంది. ధూపం నీలోంచి లాగిన నీ భార్య మాటలు కూడా."

శంఖంలోంచి మెత్తగా, దగ్గరగా, పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఒక గొంతు వచ్చింది.

"రాజా, ఈ గద్దె నీకెవరిచ్చారు? ఎంతకాలానికిచ్చారు?"

కేదారుడు రెండు చేతులూ ఛాతీకి అదుముకున్నాడు. ఆమే. జ్వరం రాకముందటి గొంతు. గవరయ్య అనుకరించినది కాదు, నిజంగా ఆమె. విన్న మాట విన్నట్టే మనసులోంచి జారిపోతోంది. జారిపోయేలోగానైనా వినాలి.

"ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నానని ఒక్కమాట అను," అన్నాడు భస్మాక్షుడు. "శంఖం నీది. బతికినన్నాళ్ళూ విను."

"వాక్యం పూర్తి కానీ," అన్నాడు కేదారుడు.

శంఖంలో గొంతు ఆగింది. చిన్నగా నవ్వింది. ఆ నవ్వుకు ముందు కొంచెం ఖాళీ ఉంది. కేదారుడు ఆ ఖాళీని కూడా విన్నాడు.

అంకాలు అతని పంచె లాగింది. "ఒజ్జయ్యా, ఆమె ఎందుకు నవ్వింది? ఇక్కడ నవ్వేదేముంది?"

"అక్కడికి వచ్చేసరికి నీలాంటివాళ్ళెవరో అడ్డు తగిలేవారమ్మా," అన్నాడు కేదారుడు. "ఏదో ఒకటి అడిగేవారు. అందుకు నవ్వేది."

"మరి వాళ్ళ మాటలేవీ?"

"ఇందులో లేవు తల్లీ. అవి ఎవరూ వల్లె వేసినవి కావు."

"ఏ మాట మీద ఇచ్చారు?" అని ముగించింది శంఖం.

కేదారుడు ఆ గొంతు చివరి అలికిడి కూడా ఆగిపోయేదాకా ఉండి, అప్పుడు కళ్ళు తుడుచుకున్నాడు. "వెనక్కి తీసుకోను, రాజగురూ. బిడ్డకు జవాబు చెప్పు."

సింహాలు లేచి నిలబడ్డాయి. వాటి గర్జనకు నూరు స్తంభాలూ కంపించాయి. పైకప్పు నుంచి పతాకాలు తెగి పడ్డాయి. భస్మాక్షుడు పళ్ళు పటపట కొరికి, "నువ్వూ వినవు, ఎవరూ వినరు!" అంటూ శంఖాన్ని గవాక్షంలోంచి నదిలోకి విసిరేశాడు. మరుక్షణం వెండిపళ్ళెంలోని సభ తాళంచెవిని అందుకుని నోట కరుచుకున్నాడు. వాడి చేతులు రెక్కలయ్యాయి, ముక్కు కొక్కెమైంది. పందిరంత గద్ద ఒకటి జనం మీదుగా రివ్వున లేచింది.

"తాళంచెవి!" అని అరిచాడు ధర్మాధికారి. "అది దేశం దాటితే ఈ సభామండపం తలుపు ఇక తెరుచుకోదు! ఇంకొక రాజును ఎన్నుకోవడానికి ఉండదు!"

తెగిన పతాకపు తాడు ఒకటి గద్ద కాలికి చుట్టుకుని నేల మీద పాములా ఈడ్చుకుపోతోంది. కేదారుడు దాని మీద పడ్డాడు. తాడు బిగిసింది. కాళ్ళు నేలను వదిలాయి.

"ఒజ్జయ్యా!" అని ముగ్గురూ ఒక్కసారే కేక పెట్టారు. ముసలి ధర్మాధికారి ముగ్గురినీ తన ఉత్తరీయం కిందికి లాక్కున్నాడు. అది చూసి కేదారుడి గుండె కుదుటపడింది.

గద్ద గవాక్షం దాటింది. కోట దాటింది. కింద నీలవేణి, నెమలిపించం రంగులో. ఆ నీళ్ళ మీద తెల్లగా ఒక చుక్క, మునుగుతూ తేలుతూ సముద్రం వైపు వెళ్ళిపోతోంది. తాడు వదిలితే నది లోతైనదే. అతనికి ఈత వచ్చు. అంత దూరాన్నుంచి కూడా, గాలి వాలు మారినప్పుడు, ఏదో సన్నగా వినిపించినట్టే ఉంది.

పైన గద్ద ముక్కున తాళంచెవి ఎండకు తళుక్కుమంది. ఎదురుగా నల్లమబ్బులు కమ్మిన కంకాళగిరి శిఖరాలు దగ్గరవుతున్నాయి.

కేదారుడు ఆ తెల్లని చుక్క నురుగులో కలిసిపోయేదాకా చూశాడు. తరువాత తాడును మణికట్టుకు ఒక మెలిక వేసుకుని, చెయ్యి మీద చెయ్యి వేస్తూ పైకి ఎగబాకడం మొదలుపెట్టాడు.